బరువైన ట్రైనర్ కావలెను

పొద్దున్నే సరూర్‌నగర్‌లో కొమరయ్య ఇంటి ముందు జరిగేది రోజూ ఒకటే. పాలాయన బండి ఆపుతాడు, రోజీ మొరుగుతుంది, పాలాయన గాల్లోకి లేస్తాడు. లేచి, గేటు మీది నుంచి ప్యాకెట్లు జారవిడిస్తే కొమరయ్య భార్య అన్నమ్మ కొంగు పట్టి అందుకుంటుంది. తర్వాత పేపరాయన, ఆ తర్వాత చెత్త బండి మనిషి. అది ఎవరిని చూసి మొరిగితే వాళ్ళు లేచేవాళ్ళే. కుక్క ఊకుంటే దిగుతారు, బట్టలు దులుపుకుని పోతారు. ఆ గల్లీలో కొత్తగా దిగినవాళ్ళకు నీళ్ళు ఎప్పుడొస్తాయో చెప్పినట్టే, ఆ గేటు ముందు నడిచేటప్పుడు చేతిలో జర బరువు పెట్టుకొమ్మని కూడా చెప్తారు. ఆడవాళ్ళు ఉల్లిగడ్డల సంచి పట్టుకుని పోతారు. బడి పిల్లలకు ఆ ఫికరే లేదు, వాళ్ళ బ్యాగులే చాలు!

కొత్తపేట పండ్ల మార్కెట్‌ను ఊరవతలికి మార్చినప్పుడు ఖాళీ షెడ్లలో ఒంటరిగా మిగిలిన కుక్కపిల్ల ఈ రోజీ. ట్రాలీ ఆటోలో బత్తాయిలు తోలే కొమరయ్య ఆఖరి లోడుతో పాటు దాన్నీ ఇంటికి తెచ్చుకున్నాడు. ఇంట్లోవాళ్ళ దగ్గర అది వెన్నముద్ద. బయటి మనిషి కనబడ్డాడా, పళ్ళన్నీ బయటపెట్టి గేటు మీదికి దూకుతుంది.

ఇంటి ఓనరు మట్టయ్య ఫస్టు ఫ్లోర్‌లో ఉంటాడు. మొన్న ఆయన బామ్మర్ది పెండ్లి కార్డు ఇయ్యడానికి వచ్చి, కేబుల్ వైర్ల దాకా లేచి, కార్డు అక్కణ్ణుంచే విసిరేసి వెళ్ళిపోయాడు. మట్టయ్యకు తిక్క లేచింది.

“కొమరయ్యా, ఇగ నాతోని కాదు. ఒకటో తారీఖు లోపల కుక్కనన్న పంపు, లేకుంటె నువ్వన్న ఖాళీ చెయ్యి. ఇంటికొచ్చిన సుట్టం వైర్లకు యేలాడుడేంది?”

కొమరయ్యకు అన్నం సయించలేదు. కుక్క ఉందంటే అటు దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఇటు ఎల్బీనగర్ దాకా ఎవరూ ఇల్లు కిరాయికియ్యరు. పోనీ, రోజీని వదులుదామంటే ఎక్కడ వదలాలి? ఒకసారి వదిలేయబడ్డ ప్రాణం అది.

“ట్రైనర్‌ను పెడదాం,” అన్నది అన్నమ్మ. “కాకపోతే మంచి బరువున్నోన్ని సూడు. మనిషి కింద నిలబడితేనే గద అది మాట వినేది!”

ఇదిగో, తప్పంతా అక్కడే జరిగింది. గల్లీ గల్లీ అంతా ఇదే సలహా చెప్పేసరికి కొమరయ్య ఫోన్ చేసిన ప్రతి ట్రైనర్‌నూ ముందు ఆ ముక్కే అడిగాడు. “మీ సర్వీసు సంగతి తర్వాత సార్, మీ బరువెంత?” సగం మంది ఫోన్ పెట్టేశారు.

చివరికి ఎల్బీనగర్ నుంచి ఆనంద్ కుమార్ అనే ఆయన వచ్చాడు. మనిషి ఇనప బీరువా లాగున్నాడు. బూట్లు, నల్ల కళ్ళద్దాలు, మెడలో విజిల్. కొమరయ్య మనసు నిండిపోయింది. ఆయన గేటు తీస్తూనే రోజీ కళ్ళలోకి చూసి “సిట్!” అని అరిచాడు. రోజీ మొరిగింది. బీరువా లేచింది! కాళ్ళు తన్నుకుంటూ ఆయన విజిల్ ఊదుతుంటే రోజీ ఇంకా మొరిగె, ఆయన ఇంకా లేచె. “ఏయ్ రోజీ! ఊకో!” అని మొగుడూ పెళ్ళాం గొంతులు చించుకున్నారు. కుక్కను లోపలేసి తలుపు మూస్తే గాని ఆయన కిందికి రాలేదు.

“ఇది మారే కుక్క కాదు,” అని చెప్పి పోయాడు.

అన్నమ్మ అట్టపెట్టెల్లో సామాన్లు సర్దడం మొదలుపెట్టింది. అప్పుడొచ్చింది బడంగ్‌పేట్ నుంచి సింధూర అనే ఇంకో ట్రైనర్. ఫోన్లో బరువడిగితే, “నా బరువెందుకు బాబాయ్? కుక్కకేం కష్టమో చెప్పండి,” అన్న పిల్ల. పుట్టి పెరిగింది గుంటూరు. చూస్తే సన్నగా రివటలాగుంది. కొమరయ్య డీలా పడ్డాడు.

“బిడ్డా, ఉల్లిగడ్డల సంచి ఏమన్న పట్టుకుంటవా?”

“వద్దు బాబాయ్. లేస్తే లేస్తాను. మీరిద్దరూ మాత్రం నోరెత్తకండి.”

రోజీ మొరిగింది, సింధూర లేచింది. కానీ కాళ్ళు తన్నుకోలేదు. గాల్లోనే బాసింపట్టు వేసుకుని, మొహం పక్కకు తిప్పి, తీరిగ్గా ఆవలించింది. సరిగ్గా ఫస్టు ఫ్లోర్ బాల్కనీ ఎత్తులో ఆగింది. అక్కడ మట్టయ్య భార్య సుమిత్రమ్మ గోంగూర తెంపుతోంది. మోకాళ్ళ నొప్పులతో ఆమె మెట్లు దిగక ఏండ్లయింది.

“ఎవరి పిల్లవే? జర ఈ కట్ట అందుకో,” అన్నదామె. సింధూర అందుకుంది. ఇద్దరూ ఆకులు తెంపుతూ ముచ్చట్లలో పడ్డారు. కింద అన్నమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడింది. రోజీ మొరిగి, చూసి, మళ్ళీ మొరిగి, తుమ్మి, కూర్చుంది. సింధూర మెల్లగా దిగి, దాని వైపు చూడకుండానే ఉడికించిన కోడి కార్జం ముక్క వేసింది.

“దీనిది కోపం కాదు బాబాయ్, భయం. మొరిగితే మనిషి పైకి లేచి కాళ్ళాడిస్తాడు. నెత్తి మీద అలా కాళ్ళాడితే మీరు మాత్రం ఊరుకుంటారా? పైగా మీరిద్దరూ వెనకనుంచి అరుస్తుంటే, మావాళ్ళు కూడా నాతో కలిసి మొరుగుతున్నారే అనుకుంటుంది.”

“మేము మొరుగుడేంది పిల్లా!” అని అన్నమ్మ అలిగింది. అలిగి, నవ్వాపుకోలేక గోడకు ఆనుకుంది.

ఆ రోజు నుంచి సింధూర రోజూ పొద్దున్నే వచ్చింది. పక్కకు తిరిగి నిలబడడం పాలాయనకు నేర్పింది. అరవకుండా ఉండడం అన్నమ్మకు నేర్పడమే గగనమైంది, ఆమె నోట్లో లవంగం పెట్టుకుని నేర్చుకుంది. నిలువెత్తు లేచే పాలాయన మోకాలెత్తుకు దిగాడు, తర్వాత జానెడు. అయినా మట్టయ్య మెత్తబడలేదు. ఒకటో తారీఖు పొద్దున టులెట్ బోర్డు చంకలో పెట్టుకుని కిందికి దిగాడు.

“కొమరయ్యా, జానెడైనా లేసుడు లేసుడే. బోర్డు కడుతున్న.”

“జర ఆగు, నేనొస్తున్న,” అని పైనుంచి వినబడింది.

మెట్ల మీద సుమిత్రమ్మ నిలబడి ఉంది. రోజీ తలెత్తి ఆమెను చూసింది. మొహం పక్కకు తిప్పి, గొంతు తగ్గించి, చిన్నగా ఒక్కసారి మొరిగింది. సుమిత్రమ్మ రెండు వేళ్ళ ఎత్తు లేచింది. మోకాళ్ళ మీద బరువు లేదు. రెయిలింగ్ పట్టుకుని ఒక మెట్టు దిగింది. రోజీ మళ్ళీ చిన్నగా మొరిగింది. ఇంకో మెట్టు. అట్లా గేటు దాకా వచ్చేసింది.

“అన్నమ్మా, నీ చెప్పులియ్యవే. నాకు చెప్పులే లెవ్వు. చెరువు కట్ట దాకా పోయొస్త.”

మట్టయ్య తన భార్య మొహం వైపు చూశాడు. ఎన్నేండ్లయిందో ఆమెను వాకిట్లో చూసి! కొమరయ్య ముందు చెయ్యి చాచాడు.

“ఆ కుక్క గొలుసు ఇటియ్యి, నేను గూడ పోత. మల్ల మెట్లెక్కాలె గద ఆమె. రేపు, ఎల్లుండి గూడ ఎక్కాలె, దిగాలె.”

బోర్డు చంకలో ఉన్నదన్న సంగతే మరిచిపోయి, రోజీ వెంట నడిచాడు.