ఎదురొచ్చే బండికి మైనస్

పొద్దున్నుంచి మా ఆయన మూడుసార్లు చొక్కా మార్చాడు. కూర్చుంటాడు, లేస్తాడు, కాలుగాలిన పిల్లిలా గదంతా తిరుగుతాడు. పదింటికి గోదాములో విచారణ. "మా ఆవిడ ఫిజిక్స్ టీచరు, తప్పెవరిదో లెక్కవేసి చూపిస్తుంది" అని నిన్న సూపర్‌వైజరు ముందు గొప్పలు పోయి వచ్చాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఈయన నోరు ఊరుకుంటే నాకంతే చాలు.

మొన్న గోదాము మలుపులో ఈయన నడిపే సరుకుల బండీ, మా చెల్లెలి మొగుడి బండీ గుద్దుకున్నాయి. మరిది కాలు విరిగి ఆసుపత్రిలో ఉన్నాడు. "వాడే సెకనుకి రెండు మీటర్ల వేగంతో నా మీదికొచ్చాడు" అని ఈయన రాసిచ్చాడు. హద్దు ఒకటిన్నర. అది దాటినవాడి ఉద్యోగం పోతుంది.

కెమెరాలో గుద్దుకున్నాక జరిగిందే పడింది. రెండు బండ్లూ ఇరుక్కుపోయి, ఈయన వెళ్లే వైపే సెకనుకి ఒక మీటరు చొప్పున కదిలాయి. నాకది చాలు. గుద్దుకోకముందు మొత్తం ద్రవ్యవేగం ఎంతో, గుద్దుకోగానే అంతే ఉండాలి. సరుకుతో ఈయన బండి ఆరువందల కిలోలు, ఖాళీగా అతనిది రెండువందలు. కలిపితే ఎనిమిదివందలు, వేగం ఒకటి, గుణిస్తే ద్రవ్యవేగమూ ఎనిమిదివందలే.

అతని వాటా రెండువందలు ఇంటూ రెండు, నాలుగువందలు. ఎదురొచ్చింది కాబట్టి మైనస్. అది పోగా ఎనిమిదివందలు మిగలాలంటే ఈయనది పన్నెండువందలు ఉండాలి. ఆరువందలతో భాగించాను.

"రెండు. మీరూ హద్దు దాటారు. అతను ఎంత జోరుగా వచ్చాడని మీరంటే, లెక్కలో మీ వేగం అంత పెరుగుతుంది."

"ఆ చిన్న గీతే కదే, తీసెయ్."

తీసేస్తే ఈయన వేగం మీటరు కూడా ఉండదు. ఆ గీత మరిచిన పిల్లలకి ఇరవయ్యేళ్లుగా మార్కులు కోస్తున్నదాన్ని, నా చెయ్యి రబ్బరు మీదికి వెళ్లింది. నా మీద నాకే అసహ్యం వేసింది.

అంతలో చెల్లెలు ఫోను చేసింది. స్పీకరు పెట్టాను.

"అక్కా, బావని కంగారుపడొద్దను. తనే జోరుగా ఎదురొచ్చానని మా ఆయన రాసిచ్చేస్తానంటున్నాడు."

మా ఆయన ముఖం పాలిపోయింది. "వద్దను, వద్దను!"

"ఎవరికోసం వద్దంటున్నారు? మీకోసమా, అతనికోసమా?" కోపం ఆపుకోలేక గట్టిగానే అడిగాను.

"వాడసలు రాలేదే. బండి ఆపి నిలబడి ఉన్నాడు. ఆగమని చెయ్యెత్తాడు కూడా. నేనే వెనక్కి తిరిగి ఎవరితోనో మాట్లాడుతున్నా."

అతని వేగం సున్నా వేసి మళ్లీ చేశాను. ఈయనకి ఒకటి పాయింటు మూడు మూడు వచ్చింది, హద్దు లోపలే. "లెక్క ప్రకారం మీ వేగంలో తప్పులేదు" అన్నాను.

ఆయన కాగితం వైపు చూడలేదు. ఫోను లాక్కుని, "అమ్మాయ్, వాడికివ్వు" అన్నాడు.

"ఏం కాదులే అన్నయ్యా, నేను చూసుకుంటా" అంది మరిది గొంతు, నీరసంగా.

"నువ్వేం రాయొద్దురా. చూడకుండా గుద్దింది నేను" అన్నాడు మా ఆయన. వినబడలేదేమోనని మళ్లీ చెప్పాడు.