అన్న కొన్న ప్రొజెక్టర్

అంబుజాక్షికి అమ్మ ముఖం తెలియదు. ఆమె పాలు తాగే వయసులోనే తల్లి పోయింది. మిగిలిందల్లా ఆ రోజుల్లో ఎవరో చుట్టం తీసిన ఒక్క స్లైడు. అట్ట చట్రంలో అగ్గిపెట్టెంతైనా లేని ఫిలిం ముక్క. అది చింతామణిలో అన్న భీమసేన దగ్గర, దేవుడి గదిలో భద్రంగా ఉంది. మామూలు భద్రమా! సొంత చెల్లెలినైనా తాకనివ్వడు.

"కిటికీ కాడ ఎత్తిపట్టి ఒక్కసారి చూస్తానన్నా," అని బాగేపల్లి నుంచి వచ్చినప్పుడల్లా బతిమాలేది.

"వేళ్ళ మరకలు పడ్తాయే. అమ్మను అట్ల దొంగచాటుగా చూస్తారా యాడన్నా? ప్రొజెక్టర్ తెస్తా, గోడంత చూద్దువు."

మంచి మాటే. కానీ భీమసేనకు ప్రొజెక్టర్ ఎంచడం పెళ్ళి సంబంధం చూడటం కన్నా పెద్ద పనైపోయింది. ఈ కాలంలో కొత్తవి యాడ దొరుకుతాయంటూ బెంగళూరు పాతసామాన్ల అంగళ్ళన్నీ తిరిగాడు. ఒకదానికి ఫ్యాను రొద, ఒకదానికి లెన్సులో బూజు, ఇంకోదానికి బల్బే దొరకదు. స్లైడ్లు పెట్టే ట్రే గుండ్రంగా ఉండాలా, పొడుగ్గా ఉండాలా అని ఆలోచిస్తుండగానే దసరాలు గడిచాయి. ఆలోగా అంబుజాక్షికి కంటి ఆపరేషన్ కూడా అయిపోయింది.

చివరికి వచ్చింది ప్రొజెక్టరు మహానుభావురాలు! వెంట స్టాండు, తెల్లగా మెరిసే తెర, రిమోటు, అదనపు బల్బు, దుమ్ము ఊదే రబ్బరు బుడ్డి, తుడిచే మెత్తని గుడ్డ. అంబుజాక్షి పట్టుచీర కట్టుకుని వచ్చి అందరికన్నా ముందు కూర్చుంది.

లైట్లు ఆర్పారు. తెర మీద ఒక పసిపిల్ల బోసినవ్వు. అది తనే. ఎత్తుకున్న చేతులు, గాజులు, మెడలో నల్లపూసలు. ఆపైన, ముఖం ఉండవలసిన చోట, వెలుతురు దూరని ఇంత పెద్ద నల్లటి ముద్ద.

"ఏందన్నా అది?"

"కుంకుమ," అన్నాడు భీమసేన. "ఆయుధపూజకు ఏటేటా స్లైడులో అమ్మ నొసటికి పెడ్తా ఉండా. ముత్తైదువుగా పోయిన తల్లి, బొట్టు లేకుండా ఎట్ల ఉంచేది?"

దానికేం, సామాను ఉంది కదా. స్లైడు బయటికి తీసి మెత్తని గుడ్డతో తుడిచాడు. ఏళ్ళ తరబడి నూనెలో తడిపి పెట్టిన కుంకుమ. అది వదిలింది, దానితోపాటు బొమ్మా వదిలింది. మళ్ళీ తెర మీదికి వచ్చేసరికి ముఖం చోట తెల్లటి వెలుతురు. బల్బు మాత్రం నిజంగానే మంచిది.

అంబుజాక్షికి ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

"నీ భక్తి మండిపోనూ! అప్పటికే నీకు ఊహ తెలుసు గదా, నువ్వు చూసినావు గదా. అమ్మ ఎట్ల ఉండేదో చెప్పు!"

భీమసేన తెర వైపే చూస్తూ చాలాసేపు ఆలోచించాడు.

"పెద్ద బొట్టు పెట్టుకునేది," అన్నాడు.