నాలుగు గంటల వేలిముద్ర

మూడో మంచం దగ్గర నర్సింగం వంగి, పడుకున్న ముసలాయన మడమ కింద అరచెయ్యి పెట్టాడు. చర్మం పొడిగా ఉంది, ఎరుపు లేదు. నడుము కిందా తడిమి చూశాడు. దుప్పటి సర్ది, చేతులు కడుక్కుని నాలుగో మంచం దగ్గరికి వెళ్లాడు. అతని సంచిలోని తనిఖీ ఫారంలో నలభై రెండు ప్రశ్నలున్నాయి. మంటలార్పే సిలిండరు ఉందా, మరుగుదొడ్లో పట్టుకోవడానికి కమ్మీ ఉందా, మందుల గడువు దాటిందా అని. మడమల గురించి ఒక్కటీ లేదు. ఆ ఫారం తయారుచేసినవాళ్లు అన్నీ ఆలోచించారు గానీ, మంచం పట్టిన మనిషిని ఒక్కసారైనా పక్కకు తిప్పి చూసినట్టు లేదు.

కోరుట్లలో మంచం పట్టిన వృద్ధుల కోసం నడుస్తున్న ఆశ్రమం అది. రెండు గదులు, పది మంచాలు. అనుమతి గడువు రేపటితో తీరిపోతుంది. ఈ రోజు తనిఖీలో నెగ్గితే మరో ఏడాది నడుస్తుంది, లేకపోతే మూత పడుతుంది. మూత పడితే పదిమందినీ ఎక్కడ చేర్చాలో జగిత్యాల సంక్షేమ ఆఫీసులో ఎవరికీ తెలియదు.

ఆ మాటకొస్తే ఆఫీసులో ఇప్పుడు ఎవరూ లేరు. సకల జనుల సమ్మె మొదలై నెల కావస్తోంది. అందరూ గేటు ముందు టెంటు కింద ఉన్నారు. నర్సింగం కాంట్రాక్టు మనిషి. పొద్దున తనూ అరగంట అక్కడ కూర్చుని లేచాడు. సమ్మెలో తనిఖీ ఏమిటని సూపరింటెండెంటు ఊర్మిల కోప్పడింది. తెలంగాణ తనకూ కావాలని, పడుకున్నవాళ్లు మాత్రం సమ్మె అయ్యేదాకా ఆగలేరని నసిగాడు. బస్సుల్లేవు. పాలవ్యాను ఎక్కి, రెండు రాస్తారోకోల దగ్గర దిగి నినాదాలిచ్చి, మళ్లీ ఎక్కి, పదకొండింటికి కోరుట్లలో దిగాడు.

అతనికి యాభై నాలుగేళ్లు. పొట్టిగా ఉంటాడు, చొక్కా జేబుకు సిరా మరక ఉంటుంది. భార్య శాంత నాలుగేళ్లు మంచంలో ఉండి చనిపోయింది. రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే ఒంటికి పుండ్లు పడతాయని ఆ నాలుగేళ్లలోనే నేర్చుకున్నాడు. ఈ ఉద్యోగంలో పదకొండేళ్లుగా చూడనిది రాయలేదు, చూసింది దాచలేదు. దాంతో స్నేహితులు తక్కువ. ఒక్క సిరిసిల్లలోనే మోసపోయాడు. అక్కడొక ఆశ్రమంలో రిజిస్టర్లు ముత్యాల్లాంటి అక్షరాలతో ఉన్నాయి. అవి చూసి మార్కులన్నీ వేశాడు. లేచి వస్తూ ఒకాయన దుప్పటి ఎత్తితే నడుము కింద అరచెయ్యంత పుండు. ఫారం అప్పటికే సంతకమై పోయింది. ఆ సంగతి గుర్తొస్తే ఇప్పటికీ అన్నం సహించదు.

ఈ పదిమందిలో ఎవరికీ పుండు లేదు. చూసుకునే మనిషి మాత్రం ఒక్కతే. ఆమె పేరు కుల్సుమ్ బీ, అరవై దాటింది, వంటగది పక్కనే ఉంటుంది. మిగతా ఇద్దరు ఆయాలూ బస్సుల్లేక నాలుగు రోజులుగా రావడంలేదు. వాళ్లను తీసుకురావడానికి మేనేజరు జలపతి పొద్దున్నే బైకు మీద వెళ్లాడు, చీకటి పడ్డాకే వస్తాడు.

పక్కకు తిప్పినప్పుడల్లా వేలిముద్ర వేసే రిజిస్టరును నర్సింగం తెరిచాడు. పన్నెండు కూడా కాలేదు. పదిమంది పేర్ల ఎదురుగా సాయంత్రం ఆరు దాకా వేలిముద్రలున్నాయి.

"గిదేంది, కుల్సుమ్ బీ?"

ఇంకు పెట్టె బీరువాలో ఉంటుందని, తాళం జలపతి దగ్గరుందని, అందుకే పోయేముందు దినమంతటివీ వేయించుకున్నాడని ఆమె చెప్పింది. ఇందులో తప్పేముందో ఆమెకు అర్థం కాలేదు.

"గిది నేను రాస్తే ఆశ్రమం బందైతది" అన్నాడు నర్సింగం.

"రాయుండ్రి సార్. తిప్పుత అని మాటిచ్చి ముద్ర ఏసిన. తిప్పకుంటె అడుగుండ్రి."

ముప్పై ఒకటో ప్రశ్న, రికార్డులు నిజమైనవేనా అని. అక్కడ 'కాదు' అని పడితే మిగతా మార్కులెన్ని వచ్చినా లాభం లేదు. నర్సింగం ఆ గడి ఖాళీగా వదిలి మరుగుదొడ్లు చూడటానికి వెళ్లాడు.

రెండింటికి కుల్సుమ్ బీ అందరినీ తిప్పింది. తర్వాత కాసేపటికి, ఏడో మంచం మీద నర్సవ్వ ఊపిరి ఆగిపోయింది. కొడిమ్యాల మనిషి. రెండు రోజులకు మించి ఉండదని డాక్టరు ముందే చెప్పాడు. ఆయనే వచ్చి చూసి, రెండు నలభై అని కాగితం రాసిచ్చి వెళ్లాడు. ఫోను చేస్తే ఆమె మేనల్లుడు రాజన్న ట్రాక్టరు తీసుకొస్తానన్నాడు, తాను వచ్చేదాకా మంచం మీంచి దించవద్దన్నాడు.

నర్సింగం కాగితం వైపూ రిజిస్టరు వైపూ చూశాడు. చనిపోయిన మనిషిని నాలుగింటికీ ఆరింటికీ పక్కకు తిప్పినట్టు ముద్రలున్నాయి. ఇంక దాచడానికి ఏమీ మిగల్లేదు. పెన్ను తీసి ఫారం ముందు కూర్చున్నాడు గానీ రాయలేకపోయాడు. కుల్సుమ్ బీ మీద అతనికి జాలేసింది.

నాలుగైంది. కుల్సుమ్ బీ మొదటి మంచం నుంచి మొదలుపెట్టింది. ఆరోది అయ్యాక ఏడో మంచం దగ్గర ఆగి, నర్సవ్వ భుజం కింద చెయ్యి వేసింది. నర్సింగం లేచి వచ్చాడు.

"అవ్వకు గూడ ముద్ర ఏసిన గద సార్. ఇయ్యాల తిప్పుత అన్న."

ఆమె గొంతులో వాదన లేదు. నర్సింగం మంచం అవతలికి వెళ్లి నడుము పట్టాడు. ఇద్దరూ కలిసి నర్సవ్వను గోడవైపు తిప్పారు. కుల్సుమ్ బీ అవ్వ వీపు మీద చీర మడత లేకుండా చేత్తో సాపు చేసి, ఎనిమిదో మంచానికి వెళ్లింది.

ఐదూ నలభైకి ట్రాక్టరు వచ్చింది. ఎత్తడానికి రాజన్న ముందుకొచ్చాడు.

"ఇర్వై నిమిషాలు ఆగు రాజన్నా. పనొకటి ఉన్నది" అన్నాడు నర్సింగం.

చచ్చినంక ఏం పనని రాజన్న అడిగాడు. ఆరయ్యేసరికి శరీరం బిగుసుకుంది, తిప్పడం కుల్సుమ్ బీ, నర్సింగం ఇద్దరి వల్లా కాలేదు. రాజన్న వచ్చి కాళ్లు పట్టుకున్నాడు. ముగ్గురూ కలిసి మెల్లగా ఇటువైపు తిప్పారు. కుల్సుమ్ బీ తక్కిన ముగ్గురినీ తిప్పడానికి వెళ్లిపోయింది.

నర్సింగం ముప్పై ఒకటో ప్రశ్న ఎదురుగా 'అవును' అని రాశాడు. కింద టైము ఆరూ పది అని వేసి సంతకం చేశాడు. పదకొండేళ్లలో మొదటిసారి తెలిసి నిబంధన తప్పాడు. అందుకు అతనికి సిగ్గనిపించలేదు.

ట్రాక్టరు వెళ్లిపోయాక కుల్సుమ్ బీ ఏడో మంచం దుప్పటి లాగింది. తిప్పినప్పుడల్లా నర్సవ్వ మోకాళ్లు ఒరుసుకోకుండా తను మధ్యలో పెట్టిన పాత చున్నీ చుట్ట, రెండు వైపులా లోపలికి నొక్కుకుపోయి, పరుపు మీద ఉంది.