పరమేశ్వరి బాత్రూము

గోవిందరాజులుకి తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల టోకు కొట్టు ఉంది. భార్య గురించి గొప్పలు చెప్పుకోవడం అతనికి సరదా. "మా ఆవిడకి దాహమన్నదే తెలీదండీ. రోహిణీ కార్తెలో కూడా పూటకి గ్లాసుడు నీళ్ళు చాలు," అని కొట్టుకి వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. ఆ గొప్ప వెనక సంగతేమిటో ఏలూరు డాక్టరు అడిగేదాకా ఆ మహానుభావుడికి తెలియనే లేదు.

ముందు కొట్టు, వెనక ఇల్లు, ఆ వెనక పెద్ద దొడ్డి. లెట్రిన్ ఆ దొడ్డి చివర. మధ్యలో పొద్దున్నుంచి దీపాలు పెట్టేదాకా లారీలు, బస్తాలు, ముఠా కూలీలు. కాపురానికి వచ్చిన కొత్తలో పరమేశ్వరి అంతమంది మగాళ్ళ మధ్యనుంచి చెంబు పట్టుకుని నడవలేక, నీళ్ళు తాగడమే మానేసింది. ఇంట్లో ఒకటి కట్టించమని ఒకసారి అడిగింది కూడా. "దేవుడి గది ఉన్న ఇంట్లో పాయిఖానా ఏమిటే!" అంది అత్తగారు. గోవిందరాజులు తల్లి మాట దాటే మనిషి కాడు. తల్లి పోయాక కూడా అతనికి ఆ సంగతి తట్టలేదు. పరమేశ్వరి మళ్ళీ అడగలేదు.

మూత్రంలో మంట, జ్వరం మాటిమాటికీ వచ్చి పోతుండేవి. చివరికి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. "ఇన్నేళ్ళూ నీళ్ళెందుకు తాగలేదమ్మా?" అని డాక్టరు అడిగితే ఆవిడ తల వంచుకుని, "వెళ్ళడానికి వీలుండేది కాదండీ," అంది. పక్కనే కూర్చున్న గోవిందరాజులుకి భూమి చీలి తనను మింగేస్తే బాగుండుననిపించింది.

డయాలసిస్ మొదలైంది. మూత్రం క్రమంగా తగ్గిపోయి ఒకనాటికి పూర్తిగా ఆగిపోతుందన్నాడు డాక్టరు. ఆ రోజు రాకముందే ఆవిడ తన ఇంట్లో, తలుపు వేసుకుని, ఒక్కసారైనా హాయిగా వెళ్ళాలి. అతను కోరుకున్నది అంతే. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. అయినా పట్టుకున్నాడు.

పడగ్గది పక్కనున్న సామాన్ల గది ఖాళీ చేయించాడు. కాంట్రాక్టరు వద్దు, నేనే దగ్గరుండి చేయించుకుంటానన్నాడు. గోడ పగలగొట్టించాడు, పైపులు తనే తెచ్చాడు, దొడ్లో సెప్టిక్ ట్యాంకు తవ్వించాడు. పైపులు బిగించాక ప్లంబరు బుల్లిరాజు, "నీళ్ళు నింపి రేపటిదాకా చూద్దామండీ. కారకపోతే అప్పుడు టైల్స్ వేయించుకోండి," అన్నాడు.

"రేపు అమావాస్యయ్యా. కొత్త పని మొదలెట్టకూడదు. టైల్స్ ఇవాళే పడిపోవాలి," అన్నాడు గోవిందరాజులు.

అమావాస్య వెళ్ళింది. పడగ్గది గోడ చెమ్మెక్కింది. వేసిన టైల్స్ పగలగొట్టి, కారుతున్న పైపు విప్పి మళ్ళీ బిగించాల్సి వచ్చింది. ఇంతలో వానలు పట్టుకున్నాయి, టైల్స్ మేస్త్రి వేరే ఊరు పనికి పోయాడు. గోవిందరాజులు రోజూ ఆ పగిలిన నేల మధ్య నిలబడి తనను తాను తిట్టుకున్నాడు.

ఒకరోజు ఏలూరులో డయాలసిస్ చేసే నర్సు క్యాథరిన్ అతన్ని పక్కకి పిలిచింది. "అమ్మగారికి యూరిన్ పూర్తిగా ఆగిపోయింది కదండీ, నీళ్ళు ఇంకా తగ్గించాలి," అంది.

"ఎప్పట్నుంచండీ?"

"పోయిన వారం నుంచేనంటండీ. మీకు చెప్పలేదా?"

చెప్పలేదు. తిరిగొస్తుంటే కారులో అతను కిటికీ వైపు మొహం తిప్పుకుని ఏడ్చాడు. ఆవిడ మాత్రం, "ఈసారి తెచ్చిన టైల్స్ రంగు బాగుందండీ," అంటూ కబుర్లు చెబుతూనే ఉంది. పని ఆపించేద్దామనుకున్నాడు. ఆపితే తనకు తెలిసిపోయిందని ఆవిడకు తెలుస్తుంది. అందుకని ఆపించలేదు.

అంతా పూర్తయిన రోజు పొద్దున్నే పరమేశ్వరిని చెయ్యి పట్టుకుని బాత్రూము గుమ్మందాకా నడిపించాడు. ఆవిడ లోపలికి వెళ్ళి గడియ వేసుకుంది. అతను బయటే నిలబడ్డాడు. దొడ్లో కూలీలు లారీ దగ్గర కేకలు వేసుకుంటున్నారు. లోపల చాలాసేపు ఏ చప్పుడూ లేదు.

తర్వాత కుళాయి తిప్పిన చప్పుడైంది. పూర్తిగా కాదు, సన్నగా. మనిషికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ నీళ్ళు సన్నగా పడి, ఆగిపోయాయి. ఆ తర్వాత ఆవిడ ఫ్లష్ నొక్కింది.

తలుపు తీసుకుని నవ్వుతూ వచ్చింది.

"బాగుందా?" అన్నాడు.

"ఎంత హాయిగా ఉందోనండీ," అంది పరమేశ్వరి.