కడగకముందు

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో ఆ పొద్దున ఆమెకు తెలిసొచ్చింది. మైక్రోస్కోపు కింద పళ్లెం నిండా చచ్చిన కణాలే. రంగు వేస్తే బతికినవి పచ్చగా, చచ్చినవి ఎర్రగా కనిపిస్తాయి. పచ్చనివి అక్కడొకటి, ఇక్కడొకటి. మిగతాదంతా ఎరుపు.

విరిగి అతుక్కోని ఎముక సందులోకి సూదితో ఎక్కించే జెల్ అది. రోగి తుంటి ఎముకలోంచి తీసిన మూలకణాలను అందులో కలిపి ఎక్కిస్తారు. లోపల అది ఒక మందుతో గడ్డకట్టి వాటికి ఆసరా ఇస్తే, అవి కొత్త ఎముకను పుట్టించాలి. జెల్‌తో కణాలకు పడుతుందా లేదా అన్నదే అసలు సంగతి. భేషుగ్గా పడుతోందని, నూటికి తొంభై పైనే బతుకుతున్నాయని ల్యాబ్ పెద్ద, అందరూ సారు అని పిలిచే మనిషి, సభలన్నిటా ఊదరగొడుతున్నాడు.

ఆ తొంభై ఎక్కణ్ణుంచి ఊడిపడిందో ఇవాళ తేలింది. జెల్‌ను కరిగించి, కణాలను పళ్లెంలో పోసి, మర్నాటిదాకా అతుక్కోనిచ్చి, శుభ్రంగా కడిగి, అప్పుడు లెక్కపెట్టాలన్నది సారు పెట్టిన పద్ధతి. బతికినవే పళ్లేన్ని పట్టుకుంటాయి. చచ్చినవి కడుగునీళ్లతో పోతాయి. ఇక మిగిలినవి బతికినవి కాక ఏమవుతాయి? ఇన్నాళ్లూ అందరూ కళ్లు మూసుకుని కడిగారు. ఇవాళ ఆమె కడక్కుండా చూసింది.

సారు గదిలోకి విసురుగా వెళ్లింది.

"కడక్కుండా ఎవరైనా లెక్కపెడతారా? చెత్తంతా కనిపిస్తుంది," అన్నాడాయన తలెత్తకుండా.

"ఆ చెత్త కణాలే సార్. గడ్డకట్టించే మందుకే చచ్చిపోతున్నాయి. ఇంకాసేపట్లో మొదటి రోగికి ఎక్కిస్తారు. ఆపించండి."

"ఆ రోగి మీ బావగారు కాబట్టి నీకీ కంగారు. ఏళ్ల శ్రమ ఇది. పిచ్చివేషాలు వెయ్యకు."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. అటునుంచటే ఆసుపత్రికి పరుగెత్తింది.

స్కూటర్ మీంచి పడ్డప్పుడు విరిగిన బావ కాలు రెండు ఆపరేషన్లయినా అతకలేదు. ఈసారీ చెడితే మోకాలి కింద తీసెయ్యడమేనని సర్జనమ్మ తేల్చిచెప్పింది. అయినా ఈ జెల్‌కు బావను ఒప్పించింది తనే. ఆ కోపం సారు మీద కన్నా తన మీదే ఎక్కువ.

విషయం వినగానే అక్క ఇంతెత్తున లేచింది. "ఏమే, వద్దంటే వినకుండా చెవిలో ఇల్లు కట్టుకుని పోరావు. ఇప్పుడు నువ్వే వద్దంటావా?"

"అవునక్కా, నేనే. చచ్చినవాటిని ఎముకలోకి ఎక్కిస్తుంటే చూస్తూ ఊరుకోలేను."

బావ మాత్రం కడగడం గురించి ఒకటికి రెండుసార్లు అడిగి చెప్పించుకున్నాడు.

అంతలో సర్జనమ్మ సిరంజి ఉన్న ట్రే పట్టుకుని వచ్చింది. వెనకే సారు, మొహం నిండా నవ్వు.

"ఒక్క మాట సార్," అన్నాడు బావ. "నా కణాలు ఎన్ని బతుకుతాయి?"

"నూటికి తొంభై పైనే. మీరు నిశ్చింతగా ఉండండి."

"కడగకముందా, కడిగాకా?"

సారు నవ్వు మాని, బావ పక్కనున్న ఆమె వైపు ఉరిమి చూశాడు. సర్జనమ్మ ఆయన వంక చూసింది. సిరంజిని తిరిగి ట్రేలో పెట్టేసింది.

"తుంటిలోంచి తీస్తున్నప్పుడు, అవి బతుకుతాయనే పళ్లు బిగించి ఓర్చుకున్నాను సార్," అన్నాడు బావ.

అక్క లేచి వెళ్లి, సారు కోసం తలుపు తీసి పట్టుకుంది.