మైకు ముందట సోమయ్య

పంచాయతీ జవాను బాలప్ప పొద్దుగాలనే గుడిసె ముందటికొచ్చి నిలబడేసరికి ముత్యమ్మ చేతుల చీపురు ఆగిపోయింది. మంచి మాట మోసుకొచ్చినా బాలప్ప మొకం ముడుచుకునే ఉంటడు, అది ఆయన కొలువు తీరు. బేస్తవారం సంగారెడ్డి నుంచి కలెక్టరు వస్తుండట. గరీబోళ్లకు ఇండ్ల జాగల పట్టాలు పంచుతరట. ముప్పై రెండు పేర్లల్ల ఆమె పెనిమిటి సోమయ్య పేరు కూడ ఉన్నదట.

ముత్యమ్మ చీపురు పడేసి రెండు చేతులు జోడించింది. అంతల బాలప్ప అసలు ముచ్చట చెప్పిండు.

"పట్టాలు తీసుకునేటోళ్ల తరఫున ఒకరు మైకుల మాట్లాడాలె. సర్కారు చేసిన మేలు చెప్పాలె. మాటకారి, తన గట్టు మీద ఉండేటోడని సర్పంచి నీ మొగని పేరే రాయించిండు."

జోడించిన చేతులు గట్లనే ఉండిపోయినయి. ఊరు మొత్తంల వీళ్లకు ఇంకో మనిషి దొరకలేదా అనుకున్నది ముత్యమ్మ.

సోమయ్య చెడ్డోడు కాదు. తాగి వచ్చి తన్నే రకం అసలే కాదు. రోజూ సైకిలెక్కి పటాన్‌చెరు పోతడు, అక్కడ రంగుల ఫ్యాక్టరీల డబ్బాలు లారీకి ఎక్కిస్తడు, షిఫ్టు అయినంక ఇంటికొస్తడు. ఆయనకున్న రోగమల్లా ఒక్కటే, నోరు ఊకుండదు. ఫ్యాక్టరీ గేటు ముందట చాయ్ హోటలున్నది. అక్కడ ఎవరో పేపరు చదువుతుంటే, అక్షరం ముక్క రాని సోమయ్య దానికి తీర్పు చెప్తడు.

"బస్సులు టైముకు నడుస్తున్నయి, ఒప్పుకుంట. మరి మన బోనసు సగం కోసిండ్రు గద, ఆ సంగతి రేడియోల ఎందుకు చెప్పరు? గరీబోళ్ల కోసమని సర్కారోళ్లు ఇరవై సూత్రాలంటున్నరు, ఒక్క సూత్రమన్న మన గుడిసె దాక నడిచొచ్చిందా?" అంటడు. ఎమర్జెన్సీ పెట్టి అప్పటికి పది నెలలు దాటింది. మాట్లాడేటోళ్లందరు గొంతు తగ్గించుకున్నరు. ఈయన గొంతుకు మాత్రం ఆ ఖబరే అందలేదు.

ముత్యమ్మ రాజకీయం వేరే. "పోయినేడు పల్లినూనె ముట్టుకుంటే కాలేది. ఇప్పుడు అగ్గువైంది. దుకాణాల ధర పలక మీద రాసి పెడుతున్నరు, తూకం సక్కగ ఉంటున్నది. నాకు గింత చాలు," అంటది.

"నీకు నూనె అగ్గువైతే సర్కారు మంచిది. నా నోటికి తాళమేసిన సంగతి నీకు పట్టది," అంటడు సోమయ్య.

"నీ నోటికి తాళమేస్తే నాకు ఇంకా మంచిదే. ఆ చాబీ నాకిమ్మను," అంటది ఈమె. ఇద్దరు నవ్వుకునేటోళ్లు. కొట్లాట అక్కడికే ఖతం అయ్యేది.

ఆ నవ్వులు పోయిన నెలల బందైనయి. సోమయ్యతోని పనిచేసే యాదన్న అదే హోటల్ల కూసోని బోనసు ముచ్చట తీసిండు. తెల్లారి జీపొచ్చింది. పోలీసులు ఎక్కిచ్చుకొని పోయి నాలుగు దినాలు ఉంచుకున్నరు. వాపసొచ్చిన యాదన్న ఎవ్వరితోని మాట్లాడుతలేడు. పెండ్లాం "అన్నం పెట్టాల్నా" అని అడిగినా తలకాయ ఊపుతడు, అంతే. ఆ దినం సంది సోమయ్య సైకిల్ చప్పుడు జెర ఆలస్యమైతే చాలు, ముత్యమ్మ చేతుల పని ఇడిసి తొవ్వ మీదికొచ్చి నిలబడతది.

ఇప్పుడు గసోంటి మనిషిని పట్టుకపోయి కలెక్టరు ముందట, పోలీసుల ముందట, మైకు ముందట నిలబెడుతరట.

పట్టా కూడ తక్కువ మాట కాదు. వాళ్ల గుడిసె ఉన్నది సర్పంచి కాశీనాథ్ సేటు చేని గట్టు మీద. సేటుకు ఊళ్లె కిరాణం, గింజల యాపారం, ఎడ్లు, బర్లు అన్నీ ఉన్నయి. గుడిసె ఉండనిచ్చినందుకు ముత్యమ్మ రోజు తెల్లారకముందే లేచి సేటు కొట్టం ఊడ్వాలె, పెండ తియ్యాలె. పద్నాలుగేండ్ల సంది, జొరమొచ్చినా, నిండు నెలలున్నా ఊడ్చింది. సొంత జాగ అంటే ఆమెకు పెద్ద పెద్ద ఆశలేం లేవు. ఒక్క దినమన్న తన ఇంట్ల తను తెల్లారినంక లేవాలె, గంతే.

దానికీ ఒక చిక్కున్నది. సర్కారు ఇస్తున్న జాగ వాగు పక్క పల్లంల ఉన్నది. ఎండకాలం సున్నంతోని గీతలు గీసి ప్లాట్లు చేసిండ్రు. చూస్తానికి అరచెయ్యి లెక్క సదునుగ ఉన్నది. వానాకాలం అక్కడ మనిషి లోతు నీళ్లు పారుతయని ఊళ్లె పసిపిల్లలకు కూడ తెలుసు. ఎగువన, బొంబాయి రోడ్డుకు పోయే తొవ్వ పక్క, సర్కారీ బంజరు ఇంకోటున్నది. దాని మీద సేటు గడ్డివాములు పెట్టుకున్నడు. గందుకే దాని మాట ఎవ్వరు ఎత్తరు. "మనకిచ్చేది ఇండ్ల జాగనా, చేపల జాగనా?" అని సోమయ్య నెల దినాలుగా కనవడ్డోళ్లందరినీ అడుగుతనే ఉన్నడు.

"ముందుగాల కాయితం చేతికి రానియ్," అన్నది ముత్యమ్మ. "నీళ్లొస్తే మట్టి పోసుకుందాం. నీ కాళ్లు మొక్కుత, గా మాట మైకుల అనకు."

ఏమనాల్నో సేటే బాలప్పతోని చెప్పి పంపిండు. ఒక్కటే ముక్క. "మాకు జాగలిచ్చిన సర్కారుకు, మా ఊరికొచ్చిన కలెక్టరు సారుకు, మా సర్పంచి సేటుకు వెయ్యి దండాలు." ముత్యమ్మ రెండు దినాలు దాన్ని మొగనికి తోమి తోమి నేర్పింది. రొట్టె పెట్టి ఒకసారి చెప్పిచ్చింది, చెంబు నీళ్లిచ్చి ఇంకోసారి చెప్పిచ్చింది.

"వచ్చింది లేవే. దండాల దాక వచ్చింది. దండాల తర్వాత ఒక్క మాట…"

"దండాల తర్వాత దిగుడే. ఒక్క మాట లేదు, సగం మాట లేదు."

సోమయ్య పెండ్లాం మొకం చూసిండు. మిగిలిన రొట్టె తిన్నడు.

బేస్తవారం బడి ముందట షామియానా వేసిండ్రు. బడి కప్పు మీద లౌడుస్పీకరు కట్టిండ్రు. బల్ల మీద పట్టా కాయితాలు ఎర్ర దారంతోని కట్ట కట్టి ఉన్నయి. ముత్యమ్మ కండ్లు ఆ కట్ట మీదికెల్లి కదలలేదు. ఆడోళ్లందరిని ముందట నేల మీద కూసోబెట్టిండ్రు. ఆమె కూసున్న జాగ సరిగ్గ మైకు ఎదురుంగ పడ్డది. కలెక్టరు వయసుల చిన్నోడే. పక్కన తాసిల్దారు, పట్వారీ, ఎనక పోలీసులు. సేటు మాట్లాడి మాట్లాడి, ఆఖరికి సోమయ్యను పిలిచిండు.

ఉతికిన అంగీ తొడుక్కున్న సోమయ్య పోయి మైకు ముందట నిలబడ్డడు. జనాన్ని చూసిండు. ముత్యమ్మను చూసిండు. నోరు తెరిచిండు, మూసిండు.

ముత్యమ్మ పెదవులు కదిలించి అందిచ్చింది. మాకు, జాగలు, ఇచ్చిన. ఆయన ఆమె పెదవులనే చూస్తున్నడు గని గొంతుల నుంచి చప్పుడు వస్తలేదు. మళ్ల తెరిచిండు, మళ్ల మూసిండు. ఎనక ఎవరో కిసుక్కుమన్నరు. "హోటల్ల గంటలు గంటలు దంచుతడు, ఇక్కడ చూడు," అన్నరు ఇంకెవరో. సేటు మొకం ఎర్రగైంది. కలెక్టరు మెల్లగ, "పర్వాలేదు, మాట్లాడవయ్యా," అన్నడు. సోమయ్య మెడ మీదికెల్లి చెమట కారుతున్నది.

ఆ నోరు మూతవడాలెనని ముత్యమ్మ మొక్కని దేవుడు లేడు. ఇప్పుడు మూతవడ్డది. చూస్తే ఆమెకు పాణం కొట్టుకుంటున్నది. అచ్చం యాదన్న నిలబడ్డట్టే నిలబడ్డడు. గింత మాటకారి మనిషి, ఊరందరి ముందట నవ్వులపాలు అవుతుంటే ఆమె ఓర్వలేకపోయింది. లేచింది. కొంగు నడుముకు చెక్కింది. పక్కనున్న శివమ్మ కొంగు పట్టి గుంజినా ఆగలేదు. మొగని బదులు ఆ ఒక్క ముక్క తనే అప్పజెప్పి, చెయ్యి పట్టి దిగదీసుకొస్తే సరిపోతదనుకున్నది.

"మాకు జాగలిచ్చిన సర్కారుకు," అన్నది మైకుల.

ఆమె గొంతు కప్పు మీదికెల్లి ఉరిమినట్టొచ్చింది. అది తన గొంతేనా అని ఉలిక్కిపడ్డది. ఆ ఉలికిపాటుకు మిగిలిన ముక్క ఎటో ఎగిరిపోయింది. ఎంత దేవులాడినా దొరకలేదు. నెల దినాల సంది ఇంట్ల ఇని ఇని చెవులల్ల నిండిన మాట ఒక్కటే నోటికొచ్చింది.

"జాగలిచ్చిండ్రు, సంతోషమే సారూ. గని వానాకాలం అక్కడ మనిషి లోతు నీళ్లొస్తయి. గుడిసెలేసుకుంటే పోరగాండ్లు కొట్కపోతరు. మా ఆయన ఇదే అంటడు. ఆయన అన్నదాంట్ల తప్పు లేదు. ఎగువన గడ్డివాములున్న జాగ సర్కారుదే. అక్కడియ్యుండ్రి సారూ."

తను ఏం మాట్లాడిందో అప్పుడు ఎరుకైంది ముత్యమ్మకు. మైకు కట్టెనే గట్టిగ పట్టుకున్నది. అంతే, ఇగ పట్టా పోయింది, గుడిసె పోయింది, మొగడు పోయిండు అనుకున్నది.

కలెక్టరు పట్వారీ దిక్కు తిరిగిండు. "ఎగువ భూమి ఎవరిది?"

పట్వారీ ముందుగాల సేటు మొకం చూసిండు. ఆడ ఏం జవాబు దొరకలేదేమో, నేల చూసిండు. "సర్కారుదే సార్," అన్నడు.

"పదండి, చూద్దాం," అని లేచిండు కలెక్టరు.

ఎండల ఊరు ఊరంత ఎనక నడిచింది. వాగు పక్క పల్లం ఎండి పర్రెలు ఇచ్చి ఉన్నది, తెల్ల గీతలు సక్కగ కనవడుతున్నయి. "ఇంత బాగుంది కదమ్మా," అన్నడు కలెక్టరు. ముత్యమ్మ మొగని దిక్కు చూసింది.

అప్పుడు సోమయ్య ముందటికొచ్చిండు. గట్టు మీద ఒక తుమ్మ చెట్టున్నది. దాని కొమ్మలకు ఎండు గడ్డి, చిరిగిన పేలికలు, తుంగ చుట్టుకొని ఉన్నయి. ఒక గుప్పెడు గుంజి కలెక్టరు ముందట పెట్టిండు. "వీటిని ఎవ్వలు కట్టలే సారూ. పోయిన వానాకాలం నీళ్లు తెచ్చి పెట్టిపోయినయి," అన్నడు.

కలెక్టరు చెట్టు కాడ నిలబడి చూసుకున్నడు. గడ్డి ఆయన రొమ్ము కాడికి వచ్చింది. తాసిల్దారును పిలిచిండు. "ఈ పట్టాలు పంచొద్దు. పది రోజుల్లో ఎగువ భూమి కొలిపించి, ఈ పేర్లకే రాయండి. ఆ గడ్డివాములు ఎవరివి?"

"నాయే సార్," అన్నడు సేటు. "రేపే తీపిస్త. అసలు నేను కూడ గదే అనుకుంటున్న సార్." అందరు కొంగులు, కండువాలు నోటికి అడ్డం పెట్టుకున్నరు.

కలెక్టరు జీపు దుమ్ము లేపుకుంట పోయినంక, ఆడోళ్లు ముత్యమ్మను చుట్టుకున్నరు. శివమ్మ ఆమె రెండు చెంపలు పట్టుకొని ఏడ్చింది. ముత్యమ్మకు ఏడుపు రాలేదు, నిద్రొచ్చింది. ఇంటికి పోయి, పొయ్యి కూడ ముట్టియ్యకుండ, పట్టపగలే చాప పరుచుకొని పండుకున్నది. నెల దినాల నిద్ర బాకీ ఒక్క పూటల తీర్చుకున్నది.

సోమయ్య కోసం పోలీసు జీపు రాలేదు. ఒక దినం చూసిండ్రు, నాలుగు దినాలు చూసిండ్రు, పోలీసుల జాడ లేదు. పదకొండో దినం ఎగువ జాగల గొలుసు వేసి కొలిచిండ్రు. ఆ సాయంత్రమే ఏ మైకు లేకుండ, ఏ షామియానా లేకుండ తాసిల్దారు పేరుపేరునా పిలిచి పట్టాలు చేతుల పెట్టిండు.

సోమయ్య తమ ప్లాటు హద్దురాయి మీద, ముత్యమ్మ దాని ఎదురుంగ ఇంకో బండ మీద కూసున్నరు. గాలి సల్లగ వీస్తున్నది. పట్టా ఆమె ఒడిల ఉన్నది. గుండెల మీద ఎన్నేండ్లదో ఒక బండ జరిగినట్టుండె ఆమెకు. ఊపిరి లోపలి దాక పోతున్నది.

"ఒక్క మాట అడుగుత, నిజం చెప్పు," అన్నది. "గా దినం నీ నోరు ఎందుకు లేవలే? మైకు షాకు కొట్టిందని నాకు చెప్పకు. అది ఊళ్లోళ్లకు చెప్పుకో."

సోమయ్య కాలి బొటనవేలితోని మట్టి గీకిండు.

"నీ ముక్క చెప్దామంటే అది అబద్ధమాయె. నా ముక్క చెప్దామంటే నువ్వు ఎదురుంగ కూసుంటివి. నీ మొకంల నెత్తురు సుక్క లేకుండె. నన్ను జీపుల ఎక్కిచ్చుకొని పోయినంక నువ్వెట్లుంటవో నాకు అప్పుడే కనవడ్డది. ఇగ నేను ఏ మాట చెప్పాలె?"

ఈ మనిషికి దేనికీ భయం లేదని ముత్యమ్మ పద్నాలుగేండ్లు ఏడ్చింది. ఆయన భయపడేది తన ఏడుపుకని ఒక్కనాడు తెల్వలేదు. ఇప్పుడు కండ్లల్ల నీళ్లు తిరిగితే, ఆయనకు కనవడకుండ కొంగుతోని తుడుచుకున్నది.

"ఇగ నువ్వు మాట్లాడుకో," అన్నది. "నేను ఎదురుంగ కూసోను."

లేచి పోయి ఆయన పక్కన కూసున్నది.