మా ఆయన కామెంటు

కుక్కర్ ఎక్కించి ఫోన్ తీశానో లేదో, నా వెబ్‌సైట్ కామెంట్లలో మళ్ళీ చెత్త! క్షణాల్లో లోను, వారంలో సన్నబడే మందు, రమ్మీ ఆడితే కారు. రోజూ ఇదే ఊడ్పు. వాకిలి ఊడిస్తే ఎదురింటి చిట్టమ్మగారైనా చూస్తుంది. ఇది ఊడ్చినట్టు ఎవరికీ తెలియదు. ఆడవాళ్ళ పని గురించి నేను నడిపే వెబ్‌సైట్ అది. నేను రాసేది కొంచెమే, అసలు సంగతులన్నీ కింద కామెంట్లలో ఉంటాయి. తగరపువలసలో మిషను కుట్టే ఆవిడ, మధురవాడ ఆఫీసు బాత్రూంలో ఏడ్చి మొహం కడుక్కుని వచ్చే అమ్మాయి, ఇంట్లో చెప్పుకోలేనివి అక్కడ చెప్పుకుంటారు. ఆ మాటల మీద ఈ చెత్త పడకూడదని నా తాపత్రయం.

"పొద్దున్నే ఏటే ఆ ఫోను? కామెంట్లు మూసీరాదా, గొడవ వదిలిపోద్ది" అన్నాడు మా ఆయన కొండలరావు, పోర్టుకి బయల్దేరుతూ.

"ఫోన్లో ఊడిస్తే ఇల్లు సుబ్రవైపోద్దేటి?" అంది టీవీ ముందు నుంచి మా అత్తగారు.

మూసెయ్యమనే ఈ పెద్దమనిషే నేనేం రాసినా కింద తయారు. "మా ఆవిడ రాతల్లో తప్పులుంటే మన్నించండి. ఖాళీగా ఉన్న ఆడవాళ్ళకి ఇదో కాలక్షేపం." ప్రతిచోటా అదే ముక్క. ఒక్కటీ చదివిన పాపాన పోలేదు. ఒళ్ళు మండేది, అయినా మొగుడు కదా అని ఉంచేసేదాన్ని.

నిన్న పరవాడ మందుల కంపెనీలో పనిచేసే రేచల్ రాసింది. కడుపుతో ఉండి షిఫ్టంతా నిలబడలేక కుర్చీ అడిగితే, సూపర్‌వైజర్ అందరి ముందూ నవ్వాడట. సరిగ్గా దాని కిందే మా ఆయన కాలక్షేపం! ఇప్పుడు ఆ అమ్మాయి దగ్గర్నుంచి మెసేజ్: "నాను రాసింది తీసీండక్కా. మీ ఆయన కామెంటు సూపించి మా ఆయన కూడా నవ్వుతన్నాడు. కాలచ్చేపవేటక్కా నాది?"

సిగ్గుతో చచ్చిపోయాను. ముక్కూ మొహం తెలియని లోన్లవాణ్ణి రోజూ తరుముతున్నానే, నట్టింట్లో ఉన్నవాణ్ణి ఎందుకు వదిలేశాను? వాడూ చదవడు, ఈయనా చదవడు. ఎవరి ఏడుపు కిందైనా ఇద్దరూ ఒకటే అతికించి పోతారు. ఆయన కామెంట్లన్నీ ఎంచి, స్పామ్ అని నొక్కాను. ఆ పేరుతో ఇక ఏదొచ్చినా చెత్తలోకే. "ఆయన మాట తీసేశానమ్మా. నీది ఉంచమంటావా?" అని రేచల్‌కి రాశాను.

జవాబు వచ్చింది. "ఉండనీండక్కా."

సాయంత్రం మా ఆయన ఫోన్ పట్టుకుని నా మీదికొచ్చాడు. "మొగుడి కామెంటు తీసేత్తావేటే? నాను బయటోణ్ణా?"

"ఇన్నాళ్ళూ నేను రాసినవాటిలో ఏముందో ఒక్కటి చెప్పండి. ఇప్పుడే లోపలికి రానిస్తాను" అన్నాను.

ఆయన వాళ్ళమ్మ వైపు చూశాడు. ఆవిడ టీవీ సౌండు తగ్గించింది.

"సెప్పరా" అంది.